కుండ లేని గది

ఆ వేసవి మొదట్లో మా బుల్లికి కుండ లేని గది పడింది.

కోర్టు వెనక రెండు పాత రికార్డు గదుల్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, పరిశోధనకి ఇచ్చారు. మత్తుకి అలవాటుపడి నేరం చేసినవాళ్ళని ఊరికే జైల్లో పెట్టే బదులు వైద్యం చేయిస్తే నిలదొక్కుకుంటారా లేదా అన్నది చూడాలట. రెండు గదులకీ ఒకే డాక్టరు, ఒకే మందు, వారానికి రెండుసార్లు ఒకే పరీక్ష. తేడా ఒక్కటే. మొదటి గదిలో బల్ల మీద ఒక మట్టికుండ, దాని నిండా చీటీలు. ఒంట్లో మత్తు లేదని పరీక్షలో తేలినవాళ్ళు కుండలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసుకోవచ్చు. సగం చీటీల మీద ‘శభాష్’ అని మాత్రమే ఉంటుంది. మిగతావాటి మీద సబ్బు, తువ్వాలు, గొడుగు, టార్చిలైటు. ఒకే ఒక్క చీటీకి సైకిలు. రెండో గదిలో బల్ల ఉంది గానీ కుండ లేదు.

ఎవరు ఏ గదికి వెళ్ళాలో మూసిన కవర్లు తీసి తేల్చారు. బుల్లి కవరు చించి చూసుకుని, నా వైపు తిరిగి భుజాలెగరేసింది. అసలు దాని కష్టమంతా ఆ భుజంతోనే మొదలైంది. బైండింగు షాపులో కాగితం కోసే మిషను పిడి లాగి లాగి కుడిభుజం పోయింది. నొప్పికని డాక్టరు రాసిచ్చిన మాత్రలు, నొప్పి పోయినా దాన్ని వదల్లేదు. చివరికి ఒక మందుల షాపు వెనక తలుపు విరగ్గొట్టి, లోపలే కూర్చుని దొరికిపోయింది. ముప్పై దాటిన మనిషి, పారిపోవాలని కూడా తోచలేదు.

వానలు మొదలయ్యేదాకా గడువు ఇచ్చారు జడ్జిగారు. ఈలోపు పరీక్ష మూడుసార్లు తప్పితే జైలు. తప్పకపోతే కేసు కొట్టేస్తారు. మొదటి వారమే ఒకటి తప్పింది.

నేను నేరుగా పరిశోధన చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. కోర్టు వరండాలో అందరం ఆమెని పరిశోధనమ్మ అనేవాళ్ళం. చెవి వెనక పెన్ను, చేతిలో ఎప్పుడూ సగం తిన్న బిస్కట్టు.

“మా పిల్ల ఏం పాపం చేసిందమ్మా, దానికి కుండ లేకుండా చేశావు?”

“నేను చెయ్యలేదు పెద్దమ్మా. కవరులో అలా వచ్చింది.”

“పోనీ, అందరికీ కుండ పెట్టొచ్చు కదా? కుండకి కరువా?”

“అందరికీ పెడితే, మేలు జరిగింది కుండ వల్లో కాదో ఎలా తెలుస్తుంది చెప్పండి? సగంమందికి ఉండాలి, సగంమందికి ఉండకూడదు. అప్పుడే పోల్చగలం.”

“ఆ తెలుసుకునేదేదో మా పిల్లని జైలుకి పంపే తెలుసుకోవాలా?”

ఆమె బిస్కట్టు కింద పెట్టేసింది. “కుండ లేని గదిలో కూడా వైద్యం అదే పెద్దమ్మా. మీ అమ్మాయి ఇష్టపడే సంతకం పెట్టింది. కావాలంటే ఈ కాగితం చదువుకోండి, అన్నీ రాసి ఉన్నాయి.”

చదవమంటే నేను కాదనను. బడికి వెళ్ళలేదు గానీ, బుల్లికంటే ముందు అదే షాపులో నలభై ఏళ్ళు అచ్చు కాగితాలు మడతపెట్టాను. మడతపెడుతూ పెడుతూ అక్షరాలు వచ్చాయి. పుస్తకాలు కుట్టకముందే చదివేదాన్ని. నా వంతు కాగితాల్లో ఎంత కథ ఉంటే అంతే. ఎవరు ఎవర్ని వదిలి వెళ్ళారో తెలిసేది, తిరిగొచ్చారో లేదో తెలిసేది కాదు. ఇంట్లోనూ అంతే. దారపు ఉండలు తెస్తానని, ‘ఇప్పుడే వస్తా’ అని వెళ్ళిన మా ఆయన్ని లారీ కొట్టేసింది. అప్పటినుంచి నాకు మనుషులు మొహాలకంటే వీపులతోనే ఎక్కువ గుర్తుంటారు. ఎవరు బయల్దేరినా సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడతాను. బుల్లిని పోలీసు వ్యాను ఎక్కించిన రోజు దాని జాకెట్టు వెనక ఒక కుట్టు ఊడి ఉంది. మిగతాదంతా మర్చిపోయాను గానీ ఆ కుట్టు మర్చిపోలేదు.

ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఇంట్లో కుండ పెట్టుకోకూడదని అందులో ఎక్కడా లేదు.

* * *

అటక మీద పాత జిగురు కుండ ఉంది. షాపువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నది. అంచుల నిండా గట్టిపడ్డ జిగురు. గోరువెచ్చని నీళ్ళు పోసి, చెంచాతో గీకి, ఎండలో పెట్టాను. మిగిలిపోయిన తెల్ల కాగితాలు కోసి, అరచెయ్యి కింద మడతపెట్టాను. కోర్టు కుండ లెక్కలోనే సగంవాటి మీద ‘శభాష్’ అని రాశాను. మిగతావాటి దగ్గర పెన్ను ఆగిపోయింది. సైకిళ్ళూ గొడుగులూ నేనెక్కడ తేను? నా దగ్గర ఉన్నదేంటా అని చాలాసేపు కూర్చున్నాను. భయం ఒక్కటే కనబడింది.

సాయంత్రం బుల్లి పరీక్ష నుంచి వచ్చి తలుపు కొట్టింది. అరెస్టయిన దగ్గర్నుంచి దానికి ఇంటి తాళంచెవి లేదు. నా కొంగున ముడేసి ఉండేది. అది తిరిగొస్తే బయట నుంచి కొట్టాలి, నేను లోపల్నుంచి తియ్యాలి.

“పరీక్ష?”

“బాగానే వచ్చింది.”

“అయితే చెయ్యి పెట్టు.”

కుండ వైపూ నా వైపూ చూసింది. “ఏంటమ్మా ఇది? లాటరీనా?”

“కోర్టులో వాళ్ళకే ఉంటుందా కుండ? మనకీ ఉంది. తియ్యి.”

“ఏం ఇస్తావేంటి? సైకిలా?”

“నీకు సైకిలు తొక్కడం వచ్చా? ముందు తియ్యి.”

తీసింది. ‘శభాష్.’

“అంతేనా?”

“అక్కడ కూడా సగం అవే.”

బుల్లి నవ్వింది. మూతి బిగించి నవ్వే నవ్వు కాదు, చిన్నప్పుడు ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వేదే, అది. “మోసం కూడా అచ్చం వాళ్ళలాగే చేస్తున్నావే!” అంది.

రెండోసారి దానికి ‘ఈ వారం నీ సంచీ వెతకను’ అన్న చీటీ పడింది. చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది. ఆ వారం ఆ సంచీ కుర్చీ మీద ఉంటే నేను వంటింట్లోకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ తర్వాత ‘స్నానానికి వెళ్తే తలుపు కొట్టి పిలవను’ పడింది. ‘రేడియో సౌండు తగ్గించమనను’ పడింది. ఇంకోసారి ‘పక్కింటావిడ అడిగితే నిజమే చెప్తాను’ పడింది. అప్పటిదాకా ఆవిడతో బుల్లికి పచ్చకామెర్లని చెబుతూ వచ్చాను. ఆ చీటీ పడిన మర్నాడు గోడ దగ్గర నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ, “నాకెప్పుడో తెలుసు పిన్నీ. పచ్చకామెర్లకి నువ్వు చెప్పే పథ్యం ఒక్కటీ కుదర్లేదు,” అంది.

పెద్ద బహుమతి కూడా ఒకటి రాశాను. దాన్ని మామూలు కాగితం మీద రాయాలనిపించలేదు. పుస్తకం అట్టకి వేసే నీలిరంగు దళసరి ముక్క మీద ‘ఇంటి తాళంచెవి’ అని రాసి, మొదటి రోజే బుల్లికి చూపించాను. అది వేలితో అంచు తడిమి చూసింది.

దాన్ని కుండలో వెయ్యబోతుంటే నా చెయ్యి రాలేదు. తాళంచెవి ఉంటే ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళొచ్చు. వెళ్ళడం నాకు తెలియకుండానే జరగొచ్చు. నీలిరంగు ముక్కని కుండ పక్కన, రేడియో కింద పెట్టాను. రేపు వేద్దామనుకున్నాను. ఆ రేపు వేసవి సగం దాకా రాలేదు.

* * *

వరండాలో మాకు హారన్ తాతయ్య అని ఒకాయన ఉండేవాడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన గుసగుసలాడినా పక్క కోర్టులో వాదన ఆగిపోయేది. ఆయన మనవడు ఫోన్లు బాగుచేస్తాడు. వాడికి కూడా కుండ లేని గదే పడింది.

“ఏం చెల్లెమ్మా, మీ అమ్మాయి ఈమధ్య నవ్వుతూ వస్తోంది. ఏం మంత్రం వేశావేంటి?”

“మెల్లగా అన్నయ్యగారూ. లోపల జడ్జిగారున్నారు.”

“మెల్లగానే కదా అడిగాను!”

చెప్పాను. ఆయన బెంచీ మీద దగ్గరికి జరిగి, తనకి చేతనైనంత మెల్లగా అడిగాడు. “మరి మా ఇంట్లో బహుమతి ఏం పెట్టమంటావు? నా పెన్షను మందులకే చాలదు.”

“మీ మనవడికి మీ దగ్గర్నుంచి ఏం కావాలో అదే పెట్టండి.”

“వాడికా? నేను నోరు మూసుకుంటే చాలంటాడు వెధవ.”

“అయితే అదే పెట్టండి.”

మరుసటి వారం మెట్ల దగ్గర్నుంచే కేక వేసుకుంటూ వచ్చాడు. “చెల్లెమ్మా! వాడికి నిన్న ఆ చీటీ పడింది. గంటసేపు మౌనం! సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అంతసేపు నేను నోరు మూసుకున్నది లేదు. నాకేదో అయిందని వీధివాళ్ళంతా చూడ్డానికొచ్చారు. ఒకావిడ పండ్లు కూడా తెచ్చింది.”

ఇంకేముంది, ఆ గొంతుకి వినబడనివాళ్ళు ఎవరు? కుండ లేని గదివాళ్ళ తల్లులూ అన్నలూ భార్యలూ అందరూ నా చుట్టూ చేరారు. చీటీ ఎంత వెడల్పు, ఎన్ని మడతలు, శభాష్‌లు ఎన్ని? చూపించాను. ఒకాయన తన భార్య కోసం రాసిన చీటీ తెచ్చి, సిగ్గుపడుతూ, బాగుందా అని అడిగాడు. ‘మన పిల్ల పెళ్ళికి నీ అన్నని పిలుస్తాను’ అని ఉంది అందులో. ఆ అన్నతో ఆయనకి మాటలు లేవట.

* * *

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం బుల్లి తలుపు కొట్టిన తీరులోనే నాకు తెలిసిపోయింది. తలుపు తీస్తే లోపలికి రాకుండా గుమ్మం మీద కూర్చుంది.

“తప్పింది,” అంది.

రెండోది. ఇంకొక్కటి తప్పితే వ్యాను వస్తుంది, నేను మళ్ళీ దాని వీపు చూస్తూ నిలబడాలి.

“భుజం లాగేస్తోందని నిన్న చెప్పాను కదా. బైండింగు షాపు దగ్గర పాత స్నేహితురాలు కనబడి మాత్ర ఇచ్చింది. వేసుకున్నాను. అక్కడ పరిశోధనమ్మకి కూడా దాచకుండా చెప్పాను. భుజానికి వేరే వైద్యం రాయిస్తానంది.” నా మొహం చూసింది. “అరవ్వేంటి?”

“గొంతు రావట్లేదే.”

వీధిలో నీళ్ళ బండి వచ్చి వెళ్ళిపోయింది. అప్పుడు బుల్లి లోపల బల్ల మీదున్న కుండని చూస్తూ అడిగింది.

“అమ్మా, ఆ నీలిరంగు అట్ట కుండలో లేదు కదా?”

నాకు తల కొట్టేసినట్టయింది. “నీకెలా తెలుసు?”

“ఇన్నేళ్ళు కాగితం కోసినదాన్ని. చెయ్యి పెడితే కాగితమేదో అట్ట ఏదో తెలియదా? మొదటి రోజే తెలిసింది.”

“మరి తెలిసి కూడా ఎందుకు తీస్తున్నావే ఇన్నాళ్ళూ?”

“మిగతావి బాగున్నాయి కదా,” అని లేచి, చెప్పులు విప్పి, లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది.

నేను రేడియో ఎత్తి, కింద ఉన్న నీలిరంగు ముక్క తీసి, కుండలో వేశాను. అంత దళసరి అట్ట. చప్పుడైంది. లోపలి గదిలో మంచం ఒకసారి కిర్రుమంది.

* * *

ఆ తర్వాత పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. వారానికి రెండు చీటీలు తీసేది. ‘శభాష్’ పడేది, రేడియో పడేది, ‘నీకు జడ వేస్తాను’ పడేది. నీలిరంగుది మాత్రం పడేది కాదు. బుల్లి చెయ్యి పెట్టిన ప్రతిసారీ దాని వేళ్ళనే చూసేదాన్ని. అదృష్టం లేదేమో పిల్లకి అనుకునేదాన్ని.

ఇంతలో ఒక రోజు పరిశోధనమ్మ మా ఇంటికే వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పెద్దమ్మా, నాకో సంగతి అర్థం కావట్లేదు. కుండ ఉన్న గదిలో పరీక్షలు బాగా వస్తున్నాయి. అది నేను అనుకున్నదే. కానీ లేని గదిలో కూడా అంతే బాగా వస్తున్నాయి. ఎక్కడా ఇలా జరగలేదు. పరీక్షలు తప్పేమోనని మళ్ళీ చేయించాను. డాక్టర్ని అడిగాను. ఎవరూ ఏమీ...” అంటూ, బల్ల మీద కుండ చూసి ఆగిపోయింది. “అదేంటి?”

“కుండమ్మా.”

“ఎవరిది?”

“మాదే. నువ్విచ్చిన కాగితంలో వద్దని లేదు. రెండుసార్లు చదివాను.”

ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుంది. “ఇంకెవరింట్లో అయినా ఉందా?”

“కుండ లేని గదివాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఉంది. ఒకాయన ఇంట్లో లేదులే.”

“అమ్మయ్య.”

“వాళ్ళది బకెట్టు.”

పరిశోధనమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. “నన్ను ముంచేశారు పెద్దమ్మా. నిలువునా ముంచేశారు. ఇప్పుడు దేన్ని దేనితో పోల్చను?” కాసేపటికి చేతులు తీసి, కుండ దగ్గరికి వెళ్ళి, అడిగి, చీటీలు ఒక్కొక్కటే విప్పి చదివింది. ‘సంచీ వెతకను’ దగ్గర ఆగింది. ‘నిజమే చెప్తాను’ దగ్గర ఇంకాసేపు ఆగింది. అన్నీ మళ్ళీ అదే మడతల్లో మడిచి లోపల వేసింది.

“పై వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్పాలి. దాచలేను,” అంది. “పరిశోధన పాడైందని ఆపెయ్యమనొచ్చు. ఆపేస్తే, ఈ కేసులన్నీ మామూలు కోర్టుకి పోతాయేమో. అది జడ్జిగారి చేతిలో ఉంటుంది.”

కుండ మీద చెయ్యి వేశాను. “అయితే కుండ తీసెయ్యమంటావా?”

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఆ మాట చెప్పే నోరు నాకు లేదు పెద్దమ్మా.”

ఆమె మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. చెవి వెనక పెన్ను లేదు. మా కుండ పక్కనే మర్చిపోయింది.

* * *

మొదటి వాన పడ్డ వారంలోనే ఆఖరి వాయిదా. హాలంతా తడి గొడుగుల వాసన. రెండు గదులవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ, నిలబడటానికి కూడా చోటు లేదు. బుల్లి ముందు వరసలో కూర్చుంది. నాకు మళ్ళీ దాని వీపే కనబడుతోంది. ఈసారి జాకెట్టు కుట్టు సరిగానే ఉంది. నేనే కుట్టాను.

పరిశోధనమ్మ లేచి నిలబడింది. ఒక్క మాట కూడా మింగలేదు.

“కుండ వల్ల తేడా ఎంత అన్నది నేను తేల్చలేకపోయానండీ. లేని గదివాళ్ళ ఇళ్ళల్లో కుండలు పెట్టుకున్నారు. అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఇదే కోర్టు నుంచి వైద్యం లేకుండా జైలుకి వెళ్ళొచ్చినవాళ్ళలో సగానికి పైగా మళ్ళీ ఇదే బోనులో నిలబడ్డారు. ఈసారి రెండు గదుల్లో కలిపి తప్పినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందులో ఎంత డాక్టరు వల్లో, ఎంత మందు వల్లో, ఎంత ఇంటి వల్లో నేను చెప్పలేను. రెండు గదులూ బాగుండబట్టే తేడా తేలలేదు.”

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. “ఇంట్లో ముందు కుండ పెట్టింది ఎవరు?”

హాలంతా నా వైపు తిరిగింది. హారన్ తాతయ్య మెల్లగా, అంటే అందరికీ వినబడేలా, “లే చెల్లెమ్మా, భయం లేదు,” అన్నాడు. కొంగు సర్దుకుని లేచాను.

“మీకెవరు చెప్పారమ్మా అలా చెయ్యమని?”

“ఎవరూ చెప్పలేదండీ. మా పిల్లకి లేదు కదా అని పెట్టానండీ.”

“బహుమతులకి డబ్బు?”

“డబ్బు బహుమతులు కాదండీ. సంచీ వెతకననీ, ఎక్కడికెళ్ళావని అడగననీ, అలాంటివేనండీ.”

“అడక్కుండా ఉన్నారా?”

“చీటీ పడ్డ రోజుల్లో ఉన్నానండీ. చాలా కష్టమైందండీ.”

హాల్లో నవ్వులు. జడ్జిగారు నవ్వలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, “సైకిలుకంటే ఖరీదైనవే పెట్టారు,” అన్నారు.

తర్వాత పేర్లు పిలిచారు. బుల్లి లేచింది. రెండే తప్పాయి, మూడోది లేదు, గడువు పూర్తయింది, కేసు కొట్టేస్తున్నాం. అంతే. ఇన్ని నెలలు నేను వణికిన మాట అంత చిన్నగా అయిపోయింది. ముందు చప్పట్లు కొట్టింది జడ్జిగారే. ఆ తర్వాత గోడ దగ్గర నిలబడ్డ పోలీసాయన. ఆ తర్వాత ఇక వాన చప్పుడు కూడా వినబడలేదు. హారన్ తాతయ్య మనవడిదీ కొట్టేశారు. ఆయన కేకకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. కేక ఆపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “పర్లేదు తాతా, అరుచుకో,” అన్నాడు మనవడు.

కుండ లేని గదివాళ్ళని కూడా ఒక్కసారి కోర్టు కుండలో చెయ్యి పెట్టనిచ్చారు. బుల్లి తీసి, విప్పి, పైకెత్తి చూపించింది. ‘శభాష్.’

“ఇక్కడ కూడా ఇదేనా!” అంది. హాలు హాలంతా గొల్లుమంది.

బయటికొస్తుంటే పరిశోధనమ్మ ఎదురొచ్చింది. చేతిలో ఇంకా కొరకని బిస్కట్టు. “వచ్చే ఏడాది మూడు గదులు పెద్దమ్మా. ఒకటి కోర్టు కుండ, ఒకటి ఇంటి కుండ, ఒకటి కుండ లేనిది. పై వాళ్ళు ఒప్పుకున్నారు. కాకపోతే, ఆ మూడో గదివాళ్ళని మీ కంటబడకుండా దాచుకుంటాను.”

“దాచుకో తల్లీ. నీ పెన్ను మాత్రం మా ఇంట్లో ఉంది.”

* * *

ఇంటికి రాగానే బుల్లి తడి చెప్పులు కూడా విప్పకుండా కుండ దగ్గరికి వెళ్ళింది. వెతకలేదు. ఒక్కసారే చెయ్యి పెట్టి నీలిరంగు అట్ట తీసింది.

“అంటే నీకు...” అన్నాను.

“నువ్వు వేసినప్పుడు చప్పుడు వినబడింది కదా. ఆ తర్వాత ప్రతిసారీ వేలికి తగులుతూనే ఉంది.”

“మరి తియ్యలేదేంటే?”

“కేసు కొట్టేశాక తీద్దామని. మధ్యలో తీసుకుని మళ్ళీ తప్పాననుకో, నువ్వు తాళం మార్పించాలి. దండగ ఖర్చు.”

కొంగు ముడి విప్పడం నాకు చేతకాలేదు. అంతగా బిగుసుకుపోయింది. బుల్లే కూర్చుని, పళ్ళతో లాగి విప్పుకుంది.

మర్నాడు షాపులో మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. కోసే మిషను దగ్గరికి కాదు, కుట్టే బల్ల దగ్గరికి. “వెళ్ళొస్తానమ్మా,” అంది. “మంచిది,” అన్నాను. గుమ్మంలోకి వెళ్ళలేదు. వంటింట్లో నిలబడి, ఉన్న గిన్నెలే మళ్ళీ తోముకున్నాను.

సాయంత్రం వానలో అడుగుల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. ఎవరూ కొట్టలేదు. తాళంలో చెవి పడిన చప్పుడు, తిరగని చప్పుడు. ఆ తాళం ఎడమవైపు తిప్పాలి. అరవబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్న చోటే కూర్చున్నాను.

ఇంకోసారి తిప్పింది. తెరుచుకుంది.